బానెట్‌కు వేసిన తాళం

మా నాన్న బండి మొదటిసారి మరిగినప్పుడు నేను అందులోనే ఉన్నాను. రెండోసారీ ఉన్నాను. మూడోసారి తర్వాత లెక్క పెట్టడం మానేశాను.

ఖిదిర్‌పూర్ దగ్గర ఓడ వస్తే పైకి లేచే వంతెన ఒకటి ఉంది. అది లేచిందంటే రెండు వైపులా బస్సులు, లారీలు, ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆగిన ఐదో నిమిషానికి మా బండి గేజిలో ముల్లు ఎర్ర గీత వైపు నడవడం మొదలుపెట్టేది. పదో నిమిషానికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్క బస్సులోంచి ఎవరో ఒక పెద్దమనిషి తల బయటపెట్టి, "దీదీ, టీ పెడుతున్నారా?" అని అడిగేవాడు. కలకత్తాలో మగవాళ్ళందరికీ ఈ పరాచికం పుట్టుకతోనే వస్తుందేమో. వేరువేరు బస్సుల్లోంచి, వేరువేరు రోజుల్లో, అదే మాట.

నేను న్యూ టౌన్‌లో ఒక బడిలో ఫిజిక్స్ చెబుతాను. వేడి ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో, ఎందుకు పోతుందో పదో తరగతి పిల్లలకు ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద బొమ్మలు గీసి చెబుతున్నాను. ఒక్క ఇంజిన్‌లోని వేడి బయటికి ఎందుకు పోవడంలేదో కనిపెట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కనిపెట్టిన తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు బండి సంగతి. అది ఉత్తర బెంగాల్లో ఏదో తేయాకు తోటలో పుట్టిపెరిగిన బండి. ముందు ముగ్గురు కూర్చునే ఒకే పొడుగు సీటు, వెనక తార్పాలిన్ కప్పిన తొట్టి, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే డీజిల్ బండి. తోటవాళ్ళు వేలం వేస్తే నాన్న రిటైరైన ఏడాది కొన్నాడు. కారు కొనమని నేనూ, ఏదీ కొనవద్దని తమ్ముడూ నెత్తీ నోరూ కొట్టుకున్నాం. నాన్న మునిసిపాలిటీలో రోడ్లు కడిగే లారీ ముప్పై ఒక్క ఏళ్ళు నడిపిన మనిషి. చిన్న బండెక్కితే కింద కూర్చున్నట్టుంటుందట.

అయితే ఆ బండి వల్ల ఉపకారం లేదని చెప్పలేను. గార్డెన్ రీచ్ వైపు మా సందు వానాకాలంలో నడుం లోతు మునుగుతుంది. గంగ పోటు మీదున్నప్పుడు వాన పడితే నీళ్ళు బయటికి పోవు. అంబులెన్సు సందు మొగలోనే ఆగిపోతుంది. అప్పుడు ఆ నీళ్ళలోకి దిగి, బయటికి రాగలిగేది మా నాన్న బండి ఒక్కటే. సందులో సగం మంది రోగుల్ని ఆయనే ఆస్పత్రికి చేర్చాడు. మా సందంతా శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వచ్చి మునిసిపాలిటీ పనుల్లో స్థిరపడ్డవాళ్ళే కాబట్టి, ఎవరింట్లో ఏమొచ్చినా మొదట వినిపించే మాట, "బాబాయ్, బండి తియ్యి."

రెండేళ్ళ కిందట అలాగే మా మరదలికి నొప్పులొచ్చాయి. తమ్ముడి భార్య, మొదటి కానుపు, మోకాటి దాకా నీళ్ళు. నాన్న బండి తీశాడు. వంతెన దాకా వచ్చాక బండి మరిగి ఆగిపోయింది. ఒక పక్క ఇంజిన్‌లోంచి ఆవిరి, ఒక పక్క మా మరదలి కేకలు. చేపలమ్మే ఒకామె బస్సు దిగి వచ్చి, ఆ పొడుగు సీటు మీదే పురుడు పోసింది. పిల్లాడు బాగానే పుట్టాడు. తల్లికి మాత్రం రక్తం చాలా పోయింది. మూడు రోజులు మాకెవరికీ అన్నం సయించలేదు. మమ్మల్ని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది: ఇంకో కానుపంటూ ఉంటే, నొప్పి మొదలైన గంటలో ఈమె నా టేబుల్ మీద ఉండాలి, ఆలస్యమైతే నా చేతిలో ఏమీ ఉండదు.

ఈ ఏడాది శివరాత్రి వెళ్ళాక మరదలు మళ్ళీ నీళ్ళోసుకుందని తెలిసింది. కానుపు శ్రావణంలో. అంటే నడి వానాకాలం.

నేను వెంటనే వెళ్ళి చెప్పాను. నా ఫ్లాటుకు వచ్చేయమన్నాను. తొమ్మిదో అంతస్తు, లిఫ్టుంది, ఎదురుగానే ఆస్పత్రి. మరదలు తల వంచుకుని గోరు గిల్లుకుంటూ కూర్చుంది. ఆమె తల్లి మా ఇంటికి రెండిళ్ళ అవతలే ఉంటుంది. మొదటి కానుపులో ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆవిడే కంటికి రెప్పలా చూసుకుంది. "అక్కడ నాకెవరున్నారొదినా, నువ్వు బడికెళ్ళిపోతే గోడలు సూసుకుని కూకోవాలి" అంది చివరికి. నాన్న మాత్రం లేచి నిలబడ్డాడు.

"నా బండుండగా నా కోడలు ఇంకో ఊరెల్లి కనాలేటి?"

"న్యూ టౌన్ ఇంకో ఊరు కాదు నాన్నా."

"గంటన్నర పడతాది. ఇంకో ఊరు కాదేటి?"

ఆ పూట వాదించి వాదించి ఒక ఒప్పందానికి వచ్చాం. వానలు మొదలయ్యేలోపు బండి మరగడం ఆగితే మరదలు ఇంట్లోనే ఉంటుంది. ఆగకపోతే నోరెత్తకుండా నాతో వచ్చేస్తుంది. బండి బాగుచేయించే బాధ్యత నాదే. ఎందుకంటే తమ్ముడు ఓడలు కట్టే యార్డులో వెల్డరు, "నాకు ఓడలు తెలుసక్కా, బండ్లు తెల్దు" అని రెండు చేతులూ దులిపేసుకున్నాడు.

ఖిదిర్‌పూర్ మార్కెట్ వెనక ఒక మిస్త్రీ ఉన్నాడు. కలకత్తాలో మెకానిక్కునూ మిస్త్రీయే అంటారు, మేస్త్రీనీ మిస్త్రీయే అంటారు. అరవై ఏళ్ళుంటాయి, తెల్ల గడ్డం, గ్రీజు మరకలు పడ్డ లుంగీ. బెంగాలీ, హిందీ కలిపి మాట్లాడతాడు. పని మొదలుపెట్టే ముందు తప్పకుండా ఒక మట్టి కప్పులో టీ తాగుతాడు, తాగినంతసేపూ ఇంజిన్ వైపు చూస్తూ కూర్చుంటాడు. మొదటి రోజు ఆ కూర్చోవడం చూసి నాకు గౌరవం కలిగింది. నాలుగో నెలకు ఆ టీ కప్పు కనిపిస్తే చాలు, ఒళ్ళు మండేది.

మొదట థర్మోస్టాట్ అన్నాడు. ఇంజిన్ వేడెక్కాక నీళ్ళకు దారి తెరిచే చిన్న మూత అది. మార్చాం. వారం తిరక్కుండా బండి వంతెన దగ్గర మళ్ళీ మరిగింది. తర్వాత ఫ్యాన్ బెల్టు వదులన్నాడు, బెల్టు మార్చాం. రేడియేటర్ మూత పట్టడంలేదన్నాడు, మూత మార్చాం. నీళ్ళు తిప్పే పంపు అన్నాడు, దాన్నీ విప్పి చూసి పర్వాలేదన్నాడు. ప్రతిసారీ, "ఇప్పుడు పెళ్ళికూతుర్లా నడుస్తుంది దీదీ" అని సాగనంపేవాడు. పెళ్ళికూతురు వంతెన దాకా వెళ్ళి ఆవిరి కక్కేది.

ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్లో వీడియోలు చూసేదాన్ని. అన్నిట్లోనూ ఒక దృఢకాయుడు, శుభ్రమైన షెడ్డు, గోడకు వరసగా వేలాడే పానాలు. బయట మంచు కురుస్తుంటుంది. మంచు కురిసే చోట బండి వేడెక్కితే వాడికేం, తలుపు తీస్తే చల్లారుతుంది. వైశాఖంలో, పెట్రోలు బంకు ముందు, నూట యాభై బస్సుల పొగ మధ్య ఏం చెయ్యాలో ఒక్కడూ చెప్పడు. స్టాఫ్ రూములో కెమిస్ట్రీ మాస్టారు మాత్రం రోజూ పలకరించేవాడు, "మీ బండి మరుగుతూనే ఉందా?" అని. ఆయన కంఠంలో ఏదో ఆనందం.

వేసవి సెలవుల్లో మిస్త్రీ ఆఖరికి రేడియేటర్ ఊడదీశాడు. దాన్ని నిలబెట్టి తడితే లోపలినుంచి గోధుమరంగు బురద, గసిలాగా, ముద్దలు ముద్దలుగా పడింది. సన్న గొట్టాలు సగం పూడుకుపోయి ఉన్నాయి.

"దీదీ, ఇందులో నది ఉంది" అన్నాడు. "ఇందులో నీళ్ళెవరు పోస్తారు?"

"ఎవరూ పొయ్యరు. మీరు పోసిందే" అన్నాను కోపంగా. తోటలో తిరిగిన బండి కదా, అక్కడి బురదే అయ్యుంటుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. నిజంగా ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆ క్షణంలో నాకు నాలుగడుగుల దూరంలో, బల్ల మీద కూర్చుని బఠాణీలు నములుతున్నాడు. నేను ఆయన వైపు తిరగనైనా తిరగలేదు.

రేడియేటర్‌కు కొత్త లోపలి గొట్టాలు వేయించాం. డిస్టిల్డ్ వాటర్‌లో పచ్చటి కూలెంట్ కలిపి నింపాం. మరగదు, తుప్పు పట్టనివ్వదు, ఏడాది దాకా ముట్టుకోనక్కర్లేదు అని డబ్బా మీద రాసి ఉంది. ఈసారి రెండు వారాలు బండి నిజంగానే పెళ్ళికూతుర్లా నడిచింది. ఒక మధ్యాహ్నం వంతెన లేచి ఇరవై నిమిషాలు నిలబడ్డా ముల్లు నడిమధ్యనే ఉంది. నాకు ఆనందం పట్టలేక పక్క బస్సులో వాళ్ళకేసి చూసి నవ్వాను. వాళ్ళు తల తిప్పుకున్నారు.

మూడో వారంలో మళ్ళీ మరిగింది.

మిస్త్రీ మూత తీసి, వేలు ముంచి, పైకెత్తి చూపించాడు. పచ్చదనం జాడ లేదు. నీరుకావి రంగు నీళ్ళు. అప్పుడు నాకు కోపం నెత్తికెక్కింది. నువ్వు పోసింది కూలెంటే కాదన్నాను. రంగు నీళ్ళు పోసి మోసం చేశావన్నాను. ఇంట్లో ఒక ఆడమనిషి ప్రాణం దీని మీద ఆధారపడి ఉందని నీకు మొదటి రోజే చెప్పాను కదా అన్నాను. నలుగురూ పోగయ్యేలా అన్నాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని, "దీదీ, ఈ బండి ఇక నా దగ్గరికి తేవద్దు" అని లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. టీ కూడా తాగలేదు.

ఆ రాత్రి తలనొప్పి వచ్చి నాన్న ఇంట్లోనే పడుకున్నాను. తెల్లారగట్ల వీధిలో బకెట్ చప్పుడైతే మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూశాను.

మా వీధి చివర ఇనప కుళాయి ఒకటుంది. దాంట్లో వచ్చేది శుభ్రం చెయ్యని నది నీరు, అచ్చం గంగలోంచి తోడినట్టే ఉంటుంది. పొద్దున్నే వదులుతారు. రోడ్లు కడగడానికి ఆ నీళ్ళే. నాన్న జీవితమంతా ఆ నీళ్ళతోనే గడిచింది. ఇప్పుడు ఆయన లుంగీ ఎగగట్టి, బానెట్ ఎత్తి, బండి కింద పళ్ళెం పెట్టి, రేడియేటర్ అడుగున ఉన్న చిన్న మర తిప్పి నీళ్ళన్నీ వదిలేశాడు. ఆ పళ్ళెం తీసుకెళ్ళి కాలవలో పారబోశాడు. తర్వాత కుళాయి దగ్గర బకెట్ నింపుకుని వచ్చి, దోసిట్లో కాసిని నీళ్ళు తీసుకుని బండి ముందు మూడుసార్లు చల్లి, కళ్ళకద్దుకుని, మిగతావి రేడియేటర్లో పోశాడు. ఎంత శ్రద్ధగా పోశాడంటే ఒక్క చుక్క బయట పడలేదు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

"నాన్నా, ఏటిది? ఏటి సేస్తన్నావు?"

"నీళ్ళు మారస్తన్నాను."

"ఎప్పట్నించి?"

"ఎప్పట్నించేటి? రోజూ. కూలెంటని పచ్చ మందేదో పోసినారు, ఒక పది రోజులు సూసి ఊరుకున్నాను. పిల్లడు తిరిగే సోటు. ఆ తరవాత అదంతా పారబోసీసాను."

ఆయన నింపాదిగా చెప్పుకుపోయాడు. వాళ్ళ గ్యారేజీలో అదే పద్ధతట. డ్యూటీ ఎక్కగానే మొదటి పని, నిన్నటి నీళ్ళు తీసేసి గంగ నీళ్ళు పొయ్యడం. ఇంట్లో తాగే బిందెలో నిన్నటి నీళ్ళు ఉంచుకుంటామా? బండికి మాత్రం పాసి నీళ్ళెందుకు? పైగా గంగ. అందరు డ్రైవర్లూ అలాగే చేసేవారట, చెయ్యనివాణ్ణి పాపిష్టివాడన్నట్టు చూసేవారట.

"మరి మీ లారీలు మరిగేవి కాదా?" అన్నాను.

"ఎందుకు మరగవు? రోజూ మరిగీవి. మరుగుతాది, ఆపుతాం, నీళ్ళోస్తాం, ఎల్తాం. బండన్నాక మరగదేటి?"

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. నాలుగు నెలలుగా నేను దేని మీద పోరాడుతున్నానో, ఆయన దృష్టిలో అది జబ్బే కాదు. జ్వరం రానివాడు మనిషే కాదన్నట్టుంది. ఆయన కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చ ఒకటుంది, రేడియేటర్ మూత తీస్తే ఎగజిమ్మిన నీళ్ళు పడి. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. అది ఎలా వచ్చిందో తెలుసు, ఎందుకొచ్చిందని ఒక్కసారీ ఆలోచించలేదు.

లోపలికి లాక్కెళ్ళి వంటింట్లో అల్యూమినియం కేటిల్ అడుగు చూపించాను. తెల్లగా పెచ్చు కట్టి ఉంది. నాన్నా, నీళ్ళలోని ఒండ్రూ సున్నమూ ఇలాగే ఇంజిన్‌లో పేరుకుంటాయి, వేడిని బయటికి పోనివ్వవు అని బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన కేటిల్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో కాసిన టీ తాగే నువ్వు ఎమ్మెస్సీ సదివినావు" అన్నాడు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పలేదు నాన్నా? బండి పట్టుకుని ఊరంతా తిరిగాను కదా!"

"నన్నడిగారేటి? మిస్త్రీనడిగారు, ఫోన్లో బొమ్మల్ని అడిగారు. ముప్పై ఒక్క ఏళ్ళు లారీ తోలినోడ్ని, ఇంట్లోనే ఉన్నాను, నన్నెవులైనా అడిగారేటి?"

తప్పు నాదని తెలిసినప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది. అది నా పాత రోగం.

మిస్త్రీ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. బజారులో తిట్టాను కాబట్టి బజారులోనే అడిగాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, రెండు టీలు చెప్పాడు. గంగాజలం మాట విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "రేడియేటర్ ఊడదీసిన రోజే అడిగాను కదా దీదీ, నీళ్ళెవరు పోస్తారని" అన్నాడు. మందు వేసి ఇంజిన్ లోపలంతా మూడుసార్లు కడిగాడు. తుప్పూ ఒండ్రూ కలిసి ఎర్రటి బురద కారింది. పై గొట్టం మెత్తబడిందని కొత్తది వేసి, మళ్ళీ కూలెంట్ నింపి, పోయేముందు ఒక మాట చెప్పాడు: కొత్త రబ్బరు, వారం తిరిగాక సర్దుకుంటుంది, అప్పుడు క్లిప్పు ఇంకో రెండు చుట్లు బిగించాలి. అలాగేనన్నాను.

ఆ సాయంత్రం నేను ఇనప సామాన్ల కొట్లో ఒక గొలుసూ తాళమూ కొన్నాను. బానెట్‌కు బయట రెండు కొక్కేలుంటాయి. వాటిల్లోంచి గొలుసు దూర్చి, తాళం వేసి, చెవి నా తాళాల గుత్తికి తగిలించుకున్నాను. నాన్న గడపలో నిలబడి చూస్తున్నాడు. కోడలు చూస్తోంది, మనవడు చూస్తున్నాడు, ఎదురింటివాళ్ళు చూస్తున్నారు.

"నాకే తాళమేటమ్మా?" అన్నాడు.

"కానుపయ్యేదాకా నాన్నా. తర్వాత నీ ఇష్టం."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. మరదలు ఫోన్లో చెప్పేది: మావయ్య రోజూ అదే వేళకు లేస్తున్నాడు, బకెట్ పట్టుకుని కుళాయి దాకా వెళ్తున్నాడు, నీళ్ళు తెచ్చి బండి టైర్లు కడిగి ఊరుకుంటున్నాడు. వినడానికి నాకు బాగుండేది కాదు. అయినా బండి మరగడంలేదు. పదిహేను రోజులు, ఇరవై రోజులు. ఒప్పందం ప్రకారం మరదలు ఇంట్లోనే ఉంది, తల్లి రెండిళ్ళ అవతలే ఉంది. నేనే నెగ్గాననుకున్నాను.

ఆషాఢం చివర్లో నాన్న ఒకసారి కోడలి ఫోను తీసుకుని మాట్లాడాడు. అన్ని రోజుల మౌనం తర్వాత ఆయన అన్నది ఒకే మాట.

"బండి కింద తడి కనపడతన్నాది. బానెట్ తీసి సూడాలి."

నేను జవాబు పత్రాలు దిద్దుతున్నాను. తాళం తీయించుకోవడానికి ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. "వానాకాలం నాన్నా, ఊరంతా తడే" అని పెట్టేశాను. మిస్త్రీ బిగించమన్న క్లిప్పు నాకు గుర్తుకే రాలేదు.

శ్రావణంలో మూడు రోజులు విడవకుండా వాన కురిసింది. మూడో రోజు పదకొండింటికి, చెప్పిన తేదీకి పన్నెండు రోజులు ముందే, మరదలికి నొప్పులు మొదలయ్యాయి. ఆమె తల్లి నాకు ఫోన్ చేసింది. సందులో నడుం లోతు నీళ్ళు, తమ్ముడు యార్డులో చిక్కుపడిపోయాడు, నాన్న బండి తీశాడు, ముగ్గురూ బయల్దేరారు. నేను తరగతి గది బయట వరండాలో నిలబడ్డాను. ఇక్కడినుంచి వెళ్ళడానికి మెట్రో లేదు, క్యాబ్ లేదు, బస్సు లేదు. చేతిలో ఉన్నది తాళాల గుత్తి ఒక్కటే.

పావుగంట తర్వాత నాన్న ఫోన్ చేశాడు.

"వంతెన కాడున్నాం. ముల్లు ఎక్కీసింది."

"తాళం" అన్నాను.

"ఇరగ్గొట్టీసాను. జాకీ రాడ్డెట్టి. పై గొట్టం క్లిప్పు వదిలీసింది, నీ పచ్చ మందు కారిపోనాది. క్లిప్పు బిగించీసాను. లోపల నీళ్ళు లేవు." వెనక మరదలి మూలుగు వినిపిస్తోంది, ఆమె తల్లి ఏదో మొక్కుకుంటోంది. "తాగే నీళ్ళు ఒక్క సీసా ఉంటే పోసీసాను. సాల్లేదు. ఇక్కడ రోడ్డు మీద ఉన్నది గంగ నీళ్ళే. పొయ్యమంటావా?"

వంతెన దగ్గర మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి, ముప్పై ఒక్క ఏళ్ళు లారీ తోలిన మనిషి, రోజూ కళ్ళు మూసుకుని చేసిన పనికి నా అనుమతి అడుగుతున్నాడు. నేను వద్దన్నాను కాబట్టి. వీధి మొత్తం చూస్తుండగా తాళం వేశాను కాబట్టి.

"పొయ్యి నాన్నా! ఏ నీళ్ళయినా పొయ్యి! నన్నడగడమేటి, బేగి పోసి ఎలు!" అని అరిచాను. తరగతి గదిలోంచి పిల్లలు తొంగిచూశారు. వాళ్ళు అంతకు ముందు నా నోట ఆ భాష వినలేదు. వెంటనే గుర్తొచ్చి, "నాన్నా, వేడింజిన్ మీద సన్నీళ్ళు ఒక్కసారే పోస్తే బీటలు తీసీ..." అన్నాను.

"ఇంజినాపకుండా, నిమ్మలంగా, తువ్వాల్లో వడగట్టి పోస్తాను. ఆ ముక్క తెల్దేటి నాకు?" అని పెట్టేశాడు.

తర్వాత నలభై నిమిషాలు నేనేం చేశానో సరిగ్గా గుర్తులేదు. పాఠం చెప్పలేదు. వరండా గోడ పట్టుకుని నిలబడి, పదిహేనో పదహారో సార్లు ఫోన్ తీసి చూసుకున్నాను. ఆ నలభై నిమిషాల్లో నాకు వినిపించింది ఒకటే మాట, నన్నెవులైనా అడిగారేటి అని. తడి ఉందని ఆయన చెప్పాడు. నేను విని ఉంటే క్లిప్పుకు రెండు చుట్లు సరిపోయేవి. మరదలికి ఏమన్నా అయితే తప్పు గంగ నీళ్ళది కాదు, నాది.

"లోపలికి తీసుకెల్లిపోనారు" అని ఫోనొచ్చింది. మళ్ళీ గంటకు, "ఆడగుంట పుట్టింది. తల్లి బాగానే ఉంది. టయానికి తెచ్చినారని డాక్టరమ్మంది." అంతే అని, పెట్టేయబోయి, "ముల్లు నడిమిట్నే ఉంది. ఆస్పత్రి దాకా కదల్లేదు" అన్నాడు.

నేను చేరేసరికి సాయంత్రమైంది. నాన్న ఆస్పత్రి ఆవరణలో బండి మెట్టు మీద తడి లుంగీతో కూర్చుని ఉన్నాడు. బానెట్ పైకెత్తి ఉంది. విరిగిన తాళం పక్కనే పెట్టుకున్నాడు, నాకప్పగించాలని కాబోలు. కుడి చేతి మీద పాత మచ్చ పక్కన కొత్తగా ఎర్రగా పొంగి ఉంది. చూసి ఏడుపాగలేదు. తాళం వేసినందుకు క్షమించు నాన్నా అన్నాను. "ముందెల్లి గుంటని సూడు" అన్నాడు. ఆ చేతికి మందు రాయించాకే నేను లోపలికి వెళ్ళాను.

బండిని మిస్త్రీ మళ్ళీ కడిగాడు, మళ్ళీ కూలెంట్ పోశాడు, మళ్ళీ నవ్వాడు. ఈసారి పక్కన నాన్నను కూర్చోబెట్టి, ఇద్దరికీ టీ చెప్పి, ఏ గొట్టంలో ఏం పోతుందో ఆయనకే చూపించమన్నాను. వాళ్ళిద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు.

ఇప్పుడు రోజూ తెల్లవారుజామున నాన్న బానెట్ ఎత్తుతాడు. కుళాయి నీళ్ళు మూడు దోసిళ్ళు బండి ముందు చల్లుతాడు, లోపల పొయ్యడు. మూత తీసి, వంగి, పచ్చటి నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూస్తాడు. క్లిప్పులు వేలితో ఒకసారి కదిపి చూస్తాడు. నేను బడికి బయల్దేరేముందు ఫోన్ చేస్తాను. తెలుసుకోవాలని కాదు, తెలుసు నాకు.

"నాన్నా, బండెలాగుంది?"

"బాగుంది. అడిగినావు కదా, సెప్తన్నాను. బాగుంది."